బరంపురం ఉగాది సైకిల్ రైడ్‌లో నన్ను వెనక వదలని వాళ్ళకి

ఉగాది పొద్దున్న మన బరంపురంలో జరిగిన సైకిల్ రైడ్‌ని నేను చివరిదాకా పూర్తి చేశాను. నా మోకాళ్ళ సంగతి తెలిసిన చుట్టాలు ఇంకా నమ్మడం లేదు. సాయం చేసినవాళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు, ఫోన్ నంబర్లు అసలే లేవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పక్కింటి మౌసీకి. ఇచ్ఛాపురంలో హైస్కూలు రోజుల తర్వాత నేను సైకిల్ ముట్టుకోలేదు. గేర్ల సైకిల్ ఇస్తామన్నారు గానీ దానికి మధ్యలో అడ్డంగా బార్ ఉంది. పట్టుచీరతో ఎక్కేదెలా? పండగపూట, అందులోనూ బరంపురం పట్టు ఇంట్లో పెట్టుకుని, నైలాను చీరలో వెళ్ళేదెలా? మౌసీ తన కూతురి పాత లేడీస్ సైకిల్‌ని మెట్ల కింద నుంచి తీయించి, చైన్‌కి నూనె వేయించి ఇచ్చింది. కుచ్చిళ్ళు చైన్లో పడకుండా పిన్నీసులూ తనే పెట్టింది. మౌసీ ఒడియా మనిషి, వాళ్ళ కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతికి. అయినా మా ఉగాది పచ్చడి తిని, వేపపువ్వుకి మొహం చిట్లించి, "జా, జా, డేరి హెబ" (వెళ్ళు, వెళ్ళు, ఆలస్యమవుతుంది) అంటూ నన్ను గుమ్మం దాటించింది.

రామలింగం చెరువు దగ్గర బయల్దేరాం. హ్యాండిళ్ళకి మామిడాకులు, బంతిపూలు. ముందున్నవాళ్ళు గొయ్యి కనపడగానే చెయ్యి చూపించి అరవాలి, ఆ కేక ఒకరి నుంచి ఒకరికి వెనక దాకా రావాలి. కొందరు "గొయ్యి!" అంటారు, కొందరు "ఖాల!" అంటారు. 1936లో ఒడిశా వేరు పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు కదా, మనకి ఏ కేకైనా ఒకటే. బడాబజారులో మేడల మీంచి ఆడవాళ్ళు చేతులూపారు. ముందు వెళ్ళిన స్పీకర్ల బండి మాత్రం లేకపోయినా బాగుండేది. అన్ని బెల్లులు ఒక్కసారి మోగుతుంటే ఇంకా పాటలెందుకు?

గేట్ బజార్ దగ్గరికొచ్చేసరికి నా వెనక చక్రంలో గాలి లేదు. గుంపు కదిలిపోతోంది. నాకు ఒకటే టెన్షన్. గుంపుకి ఆఖరున ఒక మనిషిని పెడతారట, ఆ మనిషి వెనక ఎవ్వరూ మిగలకూడదట. ఆ రోజు ఆ పని చేసింది ఒక కాలేజీ పిల్ల. "పిన్నీ, మీరు దిగండి, కంగారు పడకండి" అని ముందువాళ్ళకి ఫోన్ చేసి, టాటా బెంజ్ చౌక్ దగ్గర ఆగమంది. తన పంపు నా సైకిల్ వాల్వుకి పట్టలేదు. దాన్ని నా బుట్టలో పడేసి, ఎండలో సైకిల్ తోసుకుంటూ షాపు వెతికింది.

దొరికిన ఒక్క షాపూ పండగని మూసే ఉంది. వెనకే ఇల్లు. పిలిస్తే, పూజ మధ్యలోంచి పంచెతోనే వచ్చాడు మెకానిక్ బాబాయి. ట్యూబు తీసి నీళ్ళ పళ్ళెంలో ముంచి చుట్టూ తిప్పాడు, ఒక్క బుడగ లేదు. "పంచర్ కాదమ్మా, వాల్వు ట్యూబు ఎండిపోయింది" అన్నాడు. పాత రకం వాల్వులో లోహపు ముక్క మీద చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. వాడకుండా పడేస్తే పగిలిపోతుందట. కొత్త ముక్క కత్తిరించి, నోట్లో తడిపి తొడిగి, గాలి కొట్టేశాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "ఈ టైరు ఎక్కువ రోజులు రాదు. అప్పుడు తీసుకుంటాలే" అన్నాడు. సాయం చేస్తూనే బేరం కుదుర్చుకున్నాడు!

చౌక్‌లో అంతమందీ ఒక్క మనిషి కోసం నీడ లేనిచోట ఆగి ఉన్నారు. పిల్లలు కూడా. ఒక్కరూ విసుక్కోలేదు. ఎవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టారు. మేమంతా దాటేదాకా లారీలని ఆపిన కానిస్టేబుల్ గారికి కూడా నా నమస్కారాలు.

ఆఖరున వచ్చిన పిల్లా, నీ పంపు ఇంకా నా బుట్టలోనే ఉంది. టైరు మార్పించుకోడానికి వెళ్ళినప్పుడు బాబాయి షాపులో ఇస్తాను. అక్కడ అడిగి తీసుకో.