పన్నెండు మంది దొరకని బడి

సంపాదకులకు నమస్కారం.

ఉదయగిరి ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. స్కూల్ గేమ్స్ మొదలయ్యాయంటే ఇప్పటికీ ఇంట్లో కాలు నిలవదు. ఈసారి మండల స్థాయి పోటీల్లో చూసిన బాలికల కబడ్డీ మ్యాచ్ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఒకవైపు వెయ్యిమందికి పైగా చదివే బడి. కోర్టులో ఏడుగురు, గీత బయట మరో ఐదుగురు. మరోవైపు ఆరు నుంచి పది వరకు కలిపి 84 మంది ఉన్న పల్లె బడి. వాన చుక్క కరవైన మెట్ట ఊరు, సగం కుటుంబాలు వలసపోయాయి. అండర్-17కు నిలబడగల ఆడపిల్లలు సరిగ్గా ఏడుగురు. వాళ్లకు పీఈటీ లేడు, లెక్కల మాస్టారు వెంటబెట్టుకొచ్చారు. అయినా మొదటి సగానికి రెండు పాయింట్ల తేడాలోనే ఉన్నారు. తర్వాత వాళ్ల రైడర్‌కు బొటనవేలి గోరు లేచిపోయింది. మాస్టారి చేతిరుమాలు చింపి వేలికి బిగించుకుని, నెత్తురు ఊరుతుండగానే ఆ పిల్ల మళ్లీ కూతకు వెళ్లింది. తను తప్పుకుంటే ఆరుగురే మిగులుతారు. అవతలి జట్టు అప్పటికే ముగ్గురిని మార్చింది. చివరికి పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

వయసు తేడా అన్యాయమని అండర్-14, 17, 19 పెట్టుకున్నాం. కుస్తీకి, జూడోకు బరువు తూచి జోడీ కడతాం. ఉపాధ్యాయ పోస్టులకూ మధ్యాహ్న భోజనానికీ పిల్లల తలలు లెక్కిస్తాం. ఆటస్థలంలో మాత్రం ఆ లెక్క ఎవరికీ పట్టదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు విద్యార్థుల సంఖ్యను బట్టి ఉన్నత పాఠశాలలను విడదీసి ఆడిస్తాయి. టెక్సాస్‌లో 1ఎ నుంచి 6ఎ వరకు ఆరు అంచెలు. అక్కడి మరీ చిన్న బడులు తమ ఫుట్‌బాల్‌ను పదకొండు మందికి బదులు ఆరుగురితో ఆడుకుంటాయి.

పెద్ద బడిని పడగొడితేనే కదా పేరు అంటారు నా తోటి మాస్టార్లు. నిజమే, 1954లో ఇండియానా రాష్ట్ర బాస్కెట్‌బాల్ ఫైనల్లో 161 మంది విద్యార్థులున్న మైలాన్ బడి 32-30తో మన్సీ సెంట్రల్‌ను ఓడించింది. ఆ ఒక్క గెలుపును ఇన్ని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారంటే అది ఎంత అరుదో ఆలోచించండి. ఆ ఇండియానా సైతం 1997-98 నుంచి బాస్కెట్‌బాల్‌లో బడులను విడదీసింది.

తలలు లెక్కిస్తే సరిపోదు, అదీ తెలుసు. హాస్టళ్లు పెట్టి నాలుగు మూలల నుంచీ ఆటగాళ్లను చేర్చుకునే బడులు మనకూ ఉన్నాయి. అమెరికాలోనే ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఫలానా ప్రాంతమనే పరిధి లేకుండా పిల్లలను చేర్చుకునే బడుల విద్యార్థుల సంఖ్యను, వర్గం తేల్చేటప్పుడు 1.65తో హెచ్చవేసే పద్ధతి తెచ్చారు. అలాంటి బడులను మనం నేరుగా పెద్ద బడుల వర్గంలో వేయవచ్చు.

నేను కోరేది మండల స్థాయి వరకే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌కు 150 మందిలోపు బడులను ఒక వర్గంగా, మిగతావాటిని మరో వర్గంగా ఆడించండి. పన్నెండు మంది దొరకని పక్కపక్క ఊళ్ల బడులను కలిసి ఒక జట్టు కట్టనివ్వండి. పరుగు, లాంగ్‌జంప్ ఎవరికి వారివే కాబట్టి వాటిని ఇప్పటిలాగే ఉంచవచ్చు. అదనంగా అయ్యే ఖర్చు రెండో కప్పు, ఒక పూట మైదానం.

ఆ రైడర్ ఇప్పుడు పదో తరగతి. వచ్చే ఏడాది ఆ బడిలో ఉండదు. చెల్లెలు అక్కడే ఏడో తరగతి చదువుతోంది.

ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
వింజమూరు, నెల్లూరు జిల్లా