గోల్ఫ్ మైదానంలో చెట్టు నాటే ముందు నీడ చూడండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

గోల్ఫ్ మైదానాల టెండర్లలో ఎన్ని మొక్కలన్న లెక్కతో పాటు ఏ మొక్క గ్రీన్‌కు (బంతిని గుంటలో వేసే కురచ గడ్డి చోటుకు) ఏ దిక్కున ఉండాలో కూడా రాయించమని మా మనవి.

గ్రీన్ మీద బెర్ముడా గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంత కురచ గడ్డి ఎండ తగ్గితే తట్టుకోలేదు. హైదరాబాదులో డిసెంబరు చివర ఉదయం 9 గంటలకు 40 అడుగుల చెట్టు నీడ వాయవ్యంగా దాదాపు 75 అడుగులు సాగుతుంది. అందుకే గ్రీన్‌కు ఆగ్నేయాన ఉన్న చెట్టుతోనే ఎక్కువ చేటు. ఆ నీడలో మంచు ఆరదు, తెగులు సోకుతుంది, గడ్డి పలచబడి నాచు పడుతుంది. ఎరువు ఎంత వేసినా కోలుకోదు. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం వైపు గ్రీన్‌కు 80 అడుగుల దూరం లోపు పెద్ద చెట్లు వద్దు. ఉత్తరం వైపు నీడ బాధ తక్కువే గానీ, వేర్లు నీళ్లు లాగేస్తాయి కనుక అటూ 40 అడుగులు వదలాలి.

పక్క ఆటగాళ్ల మీదికి బంతి పోకుండా అడ్డం కావాలంటే చెట్లను టీకి (మొదటి దెబ్బ కొట్టే చోటుకు) దగ్గర్లో నాటాలి. దూరం పోయేకొద్దీ బంతులు చెదురుతాయి, అక్కడ వరుసలు వరుసలుగా నాటినా ఆగవు.

వేప, పొగడ, రేల మన నేలకు నప్పుతాయి. గుల్‌మొహర్, పచ్చతురాయి కొమ్మలు గాలివానకు విరిగిపడతాయి, ఆటదారికి దూరంగా ఉంచాలి. రావి, మర్రి వేర్లు నీటి గొట్టాల్లో దూరతాయి. కోనోకార్పస్ అసలే వద్దు. ఆట సాగని రఫ్‌లో (ఆటదారి పక్కన గడ్డి పొడుగ్గా వదిలే చోట) తంగేడు చాలు, నిలదొక్కుకున్నాక నీళ్లు అడగదు. చెరువు గట్టుకు వట్టివేరు.

మన రాతినేలలో 3 అడుగుల గుంత తవ్వి, నాటే ముందు నిండా నీళ్లు పోసి చూడాలి. మర్నాటికి ఇంకకపోతే అడుగు రాయి పగలగొట్టాల్సిందే, లేకుంటే వానల్లో వేరు కుళ్లుతుంది. మొదలు చుట్టూ 3 అడుగులు గడ్డి లేకుండా ఎండుటాకు పరవాలి. గడ్డి కోసే బ్రష్‌కట్టర్ తీగ తగిలి బెరడు చుట్టూ లేచిపోయి చచ్చే మొక్కలే ఎన్నో.

గోల్ఫ్ మైదానం ఉన్న గోల్కొండ నయా ఖిల్లాలోని బావోబాబ్ వంటి వృద్ధవృక్షాల మొదట్లోకి స్ప్రింక్లర్ నీళ్లు చేరనివ్వకూడదు.

నాటక ముందే డిసెంబరు ఉదయపు నీడ పటం ఇవ్వాలనీ, మూడో వేసవి దాటి బతికిన మొక్కలకే చివరి బిల్లు చెల్లించాలనీ టెండరులో చేర్చండి.

ఇట్లు,
గోల్ఫ్ మైదానాల మొక్కల పని చూసే ఉద్యాన సిబ్బంది