కోరంగి ఒండ్రు, కాకినాడ అదృష్టం

ఒరేయ్ శీనూ,

మన కాకినాడ పక్కనున్న కోరంగిలో మడచెట్లూ బోటు షికారూ తప్ప ఏముందిరా అని మెసేజ్ పెట్టావు కదా, ఫోన్లో చెబితే సగంలో కట్ చేస్తావని రాస్తున్నా. నువ్వు ఫొటోలు దిగొచ్చిన ఆ వైపే ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు. 1789లో ఉప్పెన ముంచేసినా ఆ రేవు మళ్ళీ లేచింది. విక్టోరియా రాణి గద్దెనెక్కిన రెండేళ్ళకి, 1839 నవంబరులో వచ్చిన తుఫానుకి మాత్రం కోలుకోలేదు. మూడు లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాసేస్తారు గానీ, ఆ చుట్టుపక్కల అంత జనం ఉండేవారా అని నాకు అనుమానమే. నన్నడిగితే ఆ రేవుని గాలివాన కంటే ఒండ్రే ఎక్కువ చంపింది. గోదారి ఏటా తెచ్చి పోస్తుంటే పాయ పూడిపోయింది, ఇంక పెద్ద ఓడ లోపలికెలా వస్తుంది?

ఆ బేరం కాకినాడకి మళ్ళింది. కాకినాడలోని డచ్చివాళ్ళ జగన్నాథపురం అప్పటికే, 1825లో, ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చేసింది. తర్వాత కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. మనవాళ్ళు ఆయన విగ్రహానికి దండ వేసి పంటల సంగతే చెబుతారు గానీ, ఆయన కాలవలు తవ్వించింది నీళ్ళు పారడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలవ పడ్డాక డెల్టా సరుకు బండెక్కే పని లేకుండా నేరుగా రేవుకొచ్చేది. కాకినాడని పట్నం చేసింది ఆ కాలవేరా.

దానికి తోడు 1861లో అమెరికాలో వాళ్ళలో వాళ్ళకి యుద్ధమొచ్చి, పత్తి అందక ఇంగ్లండు మిల్లులు అల్లాడిపోయాయి. ఇక్కడి పత్తికి ఎక్కడలేని గిరాకీ. కృష్ణా, గుంటూరు వైపు పండే ఎర్రచాయ పత్తికి కూడా బజారులో మన రేవు పేరే పెట్టేశారు, పండించింది వాళ్ళు, పేరు మనది! 1866కి ఊళ్ళో మునిసిపాలిటీ కూడా వచ్చేసింది.

ఇంత రేవైనా ఓడ మాత్రం ఒడ్డుకి వచ్చేది కాదు, మళ్ళీ అదే ఒండ్రు. మైళ్ళ అవతల లంగరేస్తే, ఉప్పుటేరులోంచి పడవల మీద బస్తాలు తీసుకెళ్ళి, ఆ ఊగే నీళ్ళలో ఓడలోకి ఎక్కించాలి. అయితే ఆ మట్టే మేట వేసి హోప్ ఐలాండ్ అయింది, అది అడ్డుండబట్టే లోపల అలలు తక్కువ. రేవు చరిత్ర అంటే దొరల కంపెనీల పేర్లే రాస్తారు, ఆ పడవవాళ్ళ పేర్లు ఎవడు రాశాడు?

1893లో బెజవాడ నుంచి వాల్తేరుకి రైలు పడింది, మెయిన్ లైనేమో కాకినాడకి రాకుండా సామర్లకోట మీదుగా పోయింది. ఆ టెన్షన్ మనకింకా తీరలేదు, రాత్రిపూట సామర్లకోటలో దిగి ఆటో బేరమాడినవాడివి, నీకు చెప్పాలా!

అన్నట్టు అసలు విషయం రంగూన్. స్టీమర్లు నడవడం మొదలయ్యాక మనవైపు నుంచి వేలమంది బర్మా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ ముందే చేతిలో డబ్బు పెట్టేవాడు, అది తీరేదాకా వాడు చెప్పిన చోట పని. అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవాళ్ళు, రానురాను అది తిట్టయిపోయింది. మీ ముత్తాత రంగూన్ వెళ్ళొచ్చాడని ఓసారి అన్నావు గుర్తుందా? ఎప్పుడెళ్ళాడో, ఏ పనికో అమ్మగారిని కాస్త కనుక్కుని రాయరా, పాత కాగితాలేమైనా ఉంటే ఫొటో తీసి పంపు.