పెడల్ దిగిపోతుంటే ప్యాడ్లు మార్చి పంపేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ప్రమాదాల వార్తల్లో ‘బ్రేకులు ఫెయిలై’ అన్న మాట తరచూ చదువుతుంటాం, వార్త అక్కడితో అయిపోతుంది. కానీ చాలాసార్లు పెడల్ ముందే ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, మనమే పట్టించుకోం. బాధేమిటంటే, పట్టించుకుని బాగుచేయించుకుందామని వెళ్లినా సరిగా చూసేవాళ్లు దొరకడం లేదు.

నా కారులో ఇదే జరిగింది. సిగ్నల్ దగ్గర పెడల్ మీద కాలు పెట్టి ఆగితే అది మెల్లమెల్లగా కిందికి జారిపోయేది. కాలు తీసి మళ్లీ తొక్కితే గట్టిగానే ఉండేది. సర్వీసుకి ఇస్తే మొదటిసారి ప్యాడ్లు మార్చారు, రెండోసారి ఎయిర్ తీశామన్నారు, రెండుసార్లూ బిల్లు మీద ‘బ్రేకులు ఓకే’ అని టిక్కు పెట్టి ఇచ్చారు. చివరికి ఇంకో మెకానిక్ ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి పెడల్‌ని ఒకే బలంతో నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. అర నిమిషం కూడా పట్టలేదు, అడుగుకి దిగిపోయింది. చక్రాల దగ్గర గానీ పైపుల వెంట గానీ తడి లేదు, డబ్బాలో ఆయిల్ తగ్గలేదు, వెనక, మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోకీ కారడం లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు అరిగిపోయి, ఆయిల్ వాటిని దాటుకుని వెనక్కి పోతోందన్నమాట. టక్కున తొక్కితే ఆ సీలు విచ్చుకుని కాసేపు పట్టి ఉంచుతుంది, మెల్లగా నొక్కినప్పుడే లీకు బయటపడుతుంది. అందుకే ఒక రౌండ్ నడిపి చూసి బాగానే ఉందంటే సరిపోదు.

మెత్తగా ఉండటం వేరు, దిగిపోవడం వేరు. స్పాంజిలా ఉండి, రెండు మూడుసార్లు కొడితే పైకి లేచి గట్టిపడుతుంటే లైన్లో గాలి ఉండొచ్చు, వెనక చక్రాల డ్రమ్ముల్లో, డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే షూలు దానికి దూరమైనా పెడల్ అలాగే కొట్టాకే పైకి వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే పెడల్ కొంచెం కిందికి వెళ్లడం మాత్రం జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా ఘోరం. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. కొండ దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, ఇక పెడల్ ఎంత తొక్కినా చక్రానికి బలం అందదు. చాలా కంపెనీలు 2 ఏళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి. బండి పెద్దగా తిరగలేదు కదా అని వదిలేస్తాం, తేమకి కిలోమీటర్లతో పనిలేదు. లెవెల్ తగ్గితే పైన పోసి మూత పెట్టేయడం కూడా తప్పే, ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతోందా చూడకుండా పోస్తే ఆ కాస్త ఆధారం కూడా చెరిపేసినట్టే.

అధికారులకీ సర్వీసు కేంద్రాలకీ నా విన్నపం ఇది. బండి తనిఖీలో, సర్వీసు అయ్యాక, ఓనరు ఎదుటే పెడల్‌ని అర నిమిషం నొక్కి పట్టి చూడండి. ఉత్త టిక్కు కాకుండా దిగిందో నిలబడిందో కాగితం మీద రాసివ్వండి. దీనికి ఏ మెషీనూ అక్కర్లేదు. దిగిపోతున్న బండిని ‘మెల్లగా నడుపుకోండి’ అని తాళాలు చేతికివ్వడం ఆపండి. డ్రైవింగ్ స్కూళ్లలో కూడా, పెడల్ ఒక్కసారిగా అడుగుకి పోతే వెంటనే వరసగా కొట్టాలని, గేరు తగ్గించాలని, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగాలని కూర్చోబెట్టి నేర్పాలి. మీ పత్రికలో కొత్త కార్ల స్క్రీన్ల గురించి రాసే చోట ఒక్కరోజు ఈ పెడల్ పరీక్ష వేయండి.

– ఒక పాఠకుడు