మిషన్ అమ్మితే అయిపోదు, అందులోని లెక్క కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గురకను నవ్వులాటగా తీసుకునే రోజులు మన వరంగల్‌లో మెల్లగా పోతున్నాయి, సంతోషం. జనం స్లీప్ టెస్ట్ చేయించుకుంటున్నారు, నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలితే అప్పో సప్పో చేసి, మాస్క్ ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ తెచ్చుకుంటున్నారు. ఆ తర్వాతే వాళ్ల గోడు ఎవరికీ పట్టట్లేదు. మిషన్ ఇచ్చినతను మాస్క్ ఎట్లా పెట్టుకోవాలో, నీళ్లు ఎక్కడిదాకా పోయాలో చూపించి వెళ్లిపోతాడు. రోజూ పొద్దున స్క్రీన్ మీద వచ్చే అంకెలకు అర్థమేంటో చెప్పే దిక్కు లేదు.

మా ఆయన సంగతే చెప్తాను. చాలా ఏళ్లు లారీ నడిపారు, బీడీలు బాగా తాగేవారు. మిషన్ వచ్చాక గురక ఆగింది. స్క్రీన్ మీద ఏహెచ్ఐ (గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగిందన్న లెక్క) 2, ఒక్కోరోజు 3, పక్కనే నవ్వుతున్న ముఖం బొమ్మ. అయినా లేవగానే తలనొప్పి, మధ్యాహ్నం కుర్చీలో కూర్చుంటే చాలు కునుకు. అమ్మినతన్ని అడిగితే "5 లోపే ఉంది కదమ్మా, టెన్షన్ పడకండి" అన్నాడు. ఛాతీ డాక్టరు గారు మాత్రం ఆ మాటతో ఊరుకోలేదు, రాత్రంతా రికార్డు చేసే ఆక్సీమీటర్ ఇచ్చి మిషన్‌తో పాటే వేలికి పెట్టుకుని పడుకోమన్నారు. మర్నాడు గ్రాఫ్ తీస్తే ఊపిరి ఆగిన జాడ దాదాపు లేదు, కానీ తెల్లవారుజామున ఆక్సిజన్ గీత 86, 87 దగ్గరికి దిగి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. అప్పుడు బయటపడింది, బీడీలతో ఊపిరితిత్తులు దెబ్బతిని సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉందని. గొంతు మూసుకుపోకుండా గాలితో తెరిచి ఉంచడం వరకే ఆ మిషన్ పని, ఊపిరితిత్తుల జబ్బును అది నయం చేయదు.

ఏహెచ్ఐ అంటే గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగింది, లేదా బాగా తగ్గింది అనే లెక్క. టెస్ట్‌లో 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ఇంట్లో మిషన్ ఈ లెక్కను గాలి రాకపోకలను బట్టే వేసుకుంటుంది, మామూలు సీప్యాప్ ఆక్సిజన్‌ను కొలవనే కొలవదు. మనం నిద్రపోతున్నామా, కళ్లు తెరుచుకుని సీలింగ్ చూస్తున్నామా అన్నది కూడా దానికి తెలియదు. మూడు గంటలు పెట్టుకుని విసుగొచ్చి తీసేస్తే ఆ మూడు గంటల లెక్కే చూపిస్తుంది, మిగతా రాత్రి ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో అందులో ఉండదు. మాస్క్ పక్క నుంచి గాలి బాగా లీకైతే ఉన్న లెక్కను కూడా నమ్మడానికి లేదు. అందుకే ఏహెచ్ఐ ఒక్కటే కాకుండా ఎన్ని గంటలు వాడారు, లీకేజ్ ఎంత అన్నవి కూడా పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక కరోనా అప్పుడు కొన్న వేలి ఆక్సీమీటర్ చాలా ఇళ్లల్లో ఉంది. పగలు పెట్టి 97 చూసుకుని ధైర్యంగా ఉంటున్నారు. మెలకువలో చూసిన అంకెను బట్టి రాత్రి సంగతి చెప్పలేం. నిద్ర లేపి పెట్టినా అంతే, మనిషి లేచి నాలుగు శ్వాసలు తీసుకునేసరికి అంకె పైకొచ్చేస్తుంది. రాత్రంతా రికార్డు చేసేదే కావాలి. అందులోనూ ఒక్క క్షణం 84కి పడి వెంటనే లేస్తే వేలు కదిలి ఉండొచ్చు, గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడ్డ చేతులు కూడా లెక్క తప్పిస్తాయి. 88 దగ్గరో అంతకంటే కిందో నిమిషాల తరబడి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించి తీరాలి.

ఇంకో భయం. 2021లో తెచ్చిపెట్టుకున్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొన్ని ఇళ్లల్లో మూలన ఉన్నాయి. అంకె తగ్గిందని వాటిని సొంతంగా పెట్టేయడం ప్రమాదం. ఆక్సిజన్ అంకె బాగానే కనిపిస్తుంది, లోపల ఊపిరి ఆగడం ఆగదు, సీవోపీడీ ఉన్నవాళ్లకైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ముప్పు కూడా ఉంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి జనం వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకే వస్తారు. అక్కడ ఛాతీ విభాగంలో వారానికి ఒక పూట మిషన్‌లోని మెమరీ కార్డు తెచ్చుకున్నవాళ్లకు ఆ డేటా చూసి చెప్పే ఏర్పాటు చేయాలి, రికార్డు చేసే ఆక్సీమీటర్లు కొన్ని డిపాజిట్ తీసుకుని ఒక రాత్రికి ఇచ్చి పంపాలి. అమ్మేవాళ్లు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులు గట్టిగా చెప్పాలి. కొత్త మిషన్లు డేటాను సిమ్ ద్వారా కంపెనీకి పంపుతున్నాయి, ఆ రిపోర్టు ముందు రోగికి, ఆయన్ని చూసే డాక్టరుకు అందాలి కదా. లారీలు, బస్సులు నడిపేవాళ్లు, కాజీపేటలో రైలు ఎక్కే లోకో పైలట్లు, గనుల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు ఉన్న ప్రాంతం ఇది. వాళ్లకు పగటిపూట కునుకు పడితే ఇంకెందరి ప్రాణాల మీదికో వస్తుంది.

ఈలోగా మిషన్ వాడుతున్నవాళ్లు ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాని పక్కనున్న చిన్న మెమరీ కార్డు తీసి వెంట పట్టుకెళ్లండి, మిషన్ గాలి ప్రెషర్ మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

— ఒక పాఠకురాలు, నయీంనగర్, హనుమకొండ