కాంప్లెక్స్‌లో కలిసిన అక్కకు కృతజ్ఞతలు

మొన్న మంగళవారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నేనూ నాన్నా భీమిలి బస్సు కోసం కూర్చున్నాం. నాన్నకు కొత్తగా ఇన్సులిన్ రాశారు. డాక్టరు గారు చెప్పిందాంట్లో సగం ఇంగ్లీషే. నాన్న చేతులు కట్టుకుని "సరేనండి, సరేనండి" అంటూనే ఉన్నారు. మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని నేనూ నోరు మెదపలేదు.

పక్కనున్న మీరు మా మందుల కవరు చూసి, "ఒకసారి ఇలా ఇవ్వు తల్లీ" అన్నారు. సీసా మీద 40, సిరంజి మీద 100 అని వేలు పెట్టి చూపించారు. అంటే సీసాలో ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, సిరంజి గీతలేమో మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందుకట. ఆ సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లేనట! గుండె ఝల్లుమంది. మీరే వెంట వచ్చి మందుల షాపులో ఎర్ర మూత సిరంజిలు, 40 అని రాసి ఉన్నవి, ఇప్పించారు.

అక్కడితో ఆగలేదు. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో నాన్నకు చెప్పి, "బాబాయ్, ఇప్పుడు మీరు నాకు నేర్పండి" అన్నారు. నాన్న రెండుసార్లు తప్పు చెప్పారు. మూడోసారి సరిగ్గా చెప్పేదాకా మీరు ఓపిగ్గా కూర్చున్నారు. డాక్టరు గారు అన్న 'హైపో' అంటే రక్తంలో చక్కెర మరీ తగ్గిపోవడమనీ, అప్పుడు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటాయనీ, వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలనీ మీరు చెప్తేనే తెలిసింది.

మా కోసం మీ బస్సు వదిలేసుకున్నారు. కంగారులో పేరైనా అడగలేదు, క్షమించండి. నాన్న చొక్కా జేబులో ఇప్పుడు పంచదార పొట్లం ఉంటోంది. మీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు అక్కా.