గెడ్డ బాగోగులు ఒక్క సీసా నీళ్లతో తేలవు

సంపాదకులకు,

సింహాచలం కొండ వాలు నుంచి దిగి మా కాలనీ వెనుకగా పారే చిన్న గెడ్డలో నీటిని పరీక్షించారనీ, ఫలితం సంతృప్తికరంగా ఉన్నందున ఇరువైపులా కాంక్రీటు గోడలు, అడుగున కాంక్రీటు పరుపు వేసే పని మొదలవుతుందనీ ఇటీవల మాకు చెప్పారు. పరీక్షించినందుకు సంతోషమే. కానీ ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నాను. వానలు దండిగా పడిన వారంలో, మిట్టమధ్యాహ్నం, కల్వర్టు పక్కన ఒకే చోట, ఒకే సీసాలో నీళ్లు పట్టుకొని వెళ్లారు. డిగ్రీ కళాశాలలో ఏళ్ల తరబడి జంతుశాస్త్రం బోధించినవాడిగా, ఆ సీసాతో గెడ్డ ఆరోగ్యం తేలదని చెప్పవలసి వస్తోంది.

నీటిలో కరిగిన ఆక్సిజన్ రోజంతా ఒకే తీరున ఉండదు. ఎండ ఉన్నంతసేపూ నాచు దాన్ని విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ, అడుగున కుళ్లుతున్న చెత్త మీద బతికే సూక్ష్మజీవులూ కలిసి దాన్ని వాడేస్తాయి. అందువల్ల మురుగు కలిసి నాచు దట్టంగా పట్టిన గెడ్డలో మధ్యాహ్నపు అంకె కొండ ఊటను మించి కనిపించవచ్చు, తెల్లవారుజామున అదే నీటిలో చేపపిల్లలు నోళ్లు పైకి పెట్టి ఆయాసపడవచ్చు. పైగా 30 డిగ్రీల వేడిమి గల నీరు గాలి నుంచి తీసుకొని నిలుపుకోగలిగేది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే. చేపలకు, వన్యప్రాణులకు తగిన నీటిలో కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మన ఎండలకు ఈ రెండింటి నడుమ ఉన్న ఎడం ఎంతో లేదు కనుక, నమూనా తీయవలసిన వేళ సూర్యోదయానికి ముందు.

సంక్రాంతి సెలవుల్లో మనుమరాలితో కలిసి ఒక తెల్ల పింగాణీ పళ్లెం, టీ వడకట్టే జల్లెడ పట్టుకొని (ఆ జల్లెడ మళ్లీ వంటింటి గడప తొక్కలేదు) ఇదే గెడ్డ వెంట నడిచాను. కల్వర్టుకు కిలోమీటరు ఎగువన, మొగలి పొదల నీడలో, అరచేతి వెడల్పున్న రాయిని తిప్పితే దాని కింద వడ్లగింజంత పురుగులు కనిపించాయి. చదునైన ఒళ్లు, వెనుక మూడు సన్నని తోకలు, నడుము పక్కల ఆగకుండా అల్లాడే మొప్పలు. పక్క రాయికి ఇసుక రేణువులను నోటి నుంచి వచ్చే పట్టుతో అతికించి గూడు కట్టుకున్న మరో పురుగు ఉంది. ఇవి చాలావరకు మురుగును ఓర్వలేని జాతులు. కల్వర్టు దిగువన రాయి ఎత్తగానే కుళ్లిన గుడ్డు వాసన, నల్లటి బురద, అందులో మెలికలు తిరిగే ఎర్ర పురుగులు మాత్రమే. ఒంట్లో హీమోగ్లోబిన్ ఉండడం వల్ల అవి ఆక్సిజన్ అడుగంటిన చోట కూడా బతుకుతాయి. ఎర్ర పురుగు కనబడితేనే గెడ్డ చెడిందని నేననను, మంచి నీటిలోనూ అది ఉంటుంది. అది తప్ప మరొకటి లేకపోవడమే కీడు. ఎవరో ఒక రాత్రి సెప్టిక్ ట్యాంకు మురుగును గెడ్డలో వదిలిపోతే వారం తిరిగాక పట్టిన సీసాకు దాని ఆనవాలు దొరకదు. వారాలు, నెలల తరబడి ఆ నీటిలోనే పెరిగే పురుగుల లెక్కలో దొరుకుతుంది.

అలాగని చల్లని దేశాల కొలబద్దను తెచ్చి ఇక్కడ పెట్టడం కూడా సరికాదు. అక్కడ మంచి నీటికి గుర్తుగా చూసే కొన్ని కీటకాలు మన వేడి నీళ్లలో సహజంగానే అరుదు. మన చిన్న గెడ్డలు వేసవిలో పారుదల ఆగి మడుగులుగా మిగులుతాయి, వచ్చే వానలకు కావలసిన ప్రాణులు ఆ మడుగుల్లోనే తలదాచుకుంటాయి. ఎండిన గెడ్డను చచ్చిన గెడ్డగా లెక్కగట్టకూడదు. ఎగువన చెక్కుచెదరని భాగాన్నే ప్రమాణంగా తీసుకొని దిగువను దానితో పోల్చడం న్యాయం.

నీటిని మించి నన్ను కలవరపెడుతున్నది మట్టి. లేఅవుట్ల కోసం కొండవాలు చెక్కిన చోట నుంచి ప్రతి వానకూ ఎర్రమట్టి దిగి రాళ్ల సందులను పూడ్చేస్తోంది. ఆ సందులే పురుగుల ఇళ్లు, చేపగుడ్లు పొదిగే తావులు. రసాయన పరీక్షలో ఇది ఏ గడిలోనూ పడదు. కాంక్రీటు పరుపు వేస్తే సందులే కాదు, అడుగు నుంచి ఊరే ఊట కూడా తెగుతుంది, గట్టు మీది కానుగ చెట్ల నీడ పోయి నీరు మరింత వేడెక్కుతుంది. వరద ముంపు భయం నిజమే, దిగువ వీధుల వారి ఇబ్బంది నేనూ చూశాను. గోడ తప్పనిసరైన చోట గోడ కట్టండి, అడుగును మాత్రం కప్పవద్దు.

నగరంలో గెడ్డ అంటే మురుగు కాలువ అనే అర్థం స్థిరపడింది గాని, మనం తాగే నీటిలో కొంత ఇప్పటికీ మేఘాద్రి గెడ్డ జలాశయం నుంచే వస్తోంది. పనులు మొదలుపెట్టే ముందు కనీసం మూడు చోట్ల, వానలకు ముందూ తరువాతా, తెల్లవారుజామున నీటినీ, పగలు రాళ్ల కింది ప్రాణులనూ పరీక్షించి, నమూనా తీసిన చోటు, తేదీ, గంటతో సహా ఫలితాలను కాలనీ నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాను. మొగలి పొదల దగ్గరికి దారి చూపడానికి నేను ఏ ఉదయమైనా సిద్ధం.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం